వరుస దెబ్బలు తిన్న టీమ్‌ను మళ్లీ నిలబెట్టడం ఎలా

ఒక టీమ్ ధైర్యం కోల్పోయిందని ఎవరూ వచ్చి చెప్పరు. మాటల్లో తెలిసిపోతుంది. నిన్నటిదాకా "బుధవారానికి ఇచ్చేస్తాను" అన్న మనిషి "చూద్దామండీ" అనడం మొదలుపెడతాడు. రెండు రోజుల పనికి ఐదు రోజులు అడుగుతాడు. చిన్న మెయిల్‌కి కూడా పది మందిని కాపీలో పెడతారు, రేపు మాట వస్తే చూపించుకోవడానికి. మీటింగులో ఒక్క ప్రశ్న ఉండదు. మీటింగ్ అయ్యాక కారిడార్‌లో మాత్రం అరగంట గుసగుసలు.

నేను నడిపిన ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఇవన్నీ చూశాను. రెండు నెలల్లో రెండు రిలీజ్‌లు, అంటే కస్టమర్లకు ఇచ్చిన కొత్త వెర్షన్లు, వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. రెండో దాని తర్వాత నేను చేసిన మొదటి పని, అందరినీ కూర్చోబెట్టి పావుగంట ఉపన్యాసం దంచడం. మీరు గట్టివాళ్లు, ఇంతకంటే పెద్ద గండాలు దాటాం, ఇదీ దాటేస్తాం... అందరూ తలలూపారు. మర్నాడు ఏమీ మారలేదు. వాళ్లకు నా మాటలు కొత్తేమీ కావు, అంతకుముందు నెల కూడా అవే చెప్పాను, ఆ తర్వాతే రెండో దెబ్బ తగిలింది. ఇక మాటలతో పని జరగదు. "అనుకున్నది అనుకున్నట్టు చేయగలం" అనడానికి వాళ్ల కళ్లకు కనబడే రుజువు కావాలి.

ఆ రుజువును ఎలా కూడబెట్టాలో వరసగా చెబుతాను. టీమ్ లీడ్ అయినా, కోచ్ అయినా, ఒక సెక్షన్ చూసుకునే వాళ్లయినా పద్ధతి దాదాపు ఇదే. ఎంత టైమ్ పడుతుందంటే, నా అనుభవంలో ఆరు నుంచి పది వారాలు.

1. మొదటి రెండు రోజులు: తక్కువ మాట్లాడండి

దెబ్బ తగిలిన రోజు విశ్లేషణ పెట్టుకోవద్దు. ఆ రోజు అందరి బుర్రా వేడిగా ఉంటుంది, దొరికిన మొదటి కారణాన్నే అసలు కారణం అనుకుంటారు. అలాగని ఏమీ జరగనట్టు ఉండడం ఇంకా ప్రమాదం. మీరు మాట్లాడకపోతే ఆ ఖాళీని పుకార్లు నింపుతాయి.

మూడు విషయాలు చెబితే చాలు. ఏం జరిగిందో, మనకు తెలిసినంతవరకు. ఏది ఇంకా తెలియదో. దాని మీద ఎప్పుడు కూర్చుంటామో. ఉదాహరణకు: "రాత్రి వేసిన రిలీజ్ వెనక్కి తీశాం. కొందరు కస్టమర్ల డేటా రెండుసార్లు నమోదైంది, దాన్ని సరిచేస్తున్నాం. ఎందుకు జరిగిందో ఇంకా తెలియదు. గురువారం పదింటికి కూర్చుందాం. ఈలోగా పైవాళ్లు ఎవరు ఫోన్ చేసినా నాకు ఇవ్వండి." ఆఖరి వాక్యం ముఖ్యం. టీమ్ మొత్తం వినేది దాన్నే.

1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం విఫలమైనప్పుడు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ తానే విలేకరుల ముందుకు వెళ్లి బాధ్యత తీసుకున్నారు. 1980 జులై 18న అదే రాకెట్ విజయవంతమైనప్పుడు మాత్రం ప్రాజెక్టు నడిపిన అబ్దుల్ కలాంను మాట్లాడమన్నారు. అందరికీ తెలిసిన కథే. దీన్ని ధవన్ గొప్ప మనసుకు గుర్తుగా చెబుతారు గానీ, ఇందులో పనికొచ్చే లెక్క కూడా ఉంది. పైనుంచి పడే రాళ్లు ఒకరు కాచుకుంటే, కిందున్న వాళ్లు లోపం వెతకడానికి తల దించుకుని పనిచేసుకోగలరు. లేకపోతే సగం టైమ్ తమను తాము కాపాడుకోవడానికే పోతుంది.

2. విరిగింది ఏదో కనుక్కోండి

"కాన్ఫిడెన్స్ పోయింది" అని ఒకే మాట అంటాం గానీ అందులో మూడు వేర్వేరు సంగతులుంటాయి. మొదటిది, పని మీద నమ్మకం: ఇది మనకు చేతనవుతుందా? రెండోది, ఒకరి మీద ఒకరికి నమ్మకం: నేను పట్టుకుంటే అవతలివాడు వదిలేస్తాడా? మూడోది, నడిపించేవాళ్ల మీద, పెట్టుకున్న లక్ష్యం మీద నమ్మకం: అసలు ఈ గడువు పెట్టిన మనిషికి పనేమిటో తెలుసా?

వీటికి మందులు వేరు. మొదటిదానికి ప్రాక్టీసు, శిక్షణ, చిన్న విజయాలు. రెండోదానికి పనులు చేతులు మారే చోట స్పష్టత. మూడోదానికి మీరే ఏదో ఒకటి మార్చుకోవాలి. ఇది చాలామంది లీడర్లకు గిట్టదు, నాకూ గిట్టలేదు. గడువు అసాధ్యమని టీమ్‌కు తెలిసినప్పుడు వాళ్లకు ధైర్యం నూరిపోయడం అంటే వాళ్ల తెలివిని అనుమానించడమే.

తెలుసుకోవడానికి ఒక్కొక్కరితో విడిగా ఇరవై, ముప్పై నిమిషాలు కూర్చోండి. వీలైతే మీ గదిలో వద్దు, నడుస్తూ మాట్లాడినా సరే. ఇవి అడగండి:

"ఇప్పుడు చేస్తున్న పనుల్లో ఏది చూస్తే నీకు భయం వేస్తోంది?"
"ఇలా జరగబోతోందని నీకు ముందే అనిపించిందా? అనిపిస్తే చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?"
"నా వైపునుంచి ఏది ఆపితే నీ పని తేలికవుతుంది?"

రెండో ప్రశ్నే అసలుది. మా టీమ్‌లో టెస్టింగ్ చూసే అమ్మాయి కాసేపు నేలచూపులు చూసి, "అనిపించింది సర్. రిలీజ్‌కి ముందురోజు చెబుదామనుకున్నా. మీరు అప్పటికే పైవాళ్లకి అయిపోయిందని చెప్పేశారు కదా" అంది. నాకు ఇంకో రిపోర్టు అక్కర్లేకపోయింది. మేం పని మీద నమ్మకం పోగొట్టుకున్నాం అనుకుంటూ శిక్షణా క్లాసులు పెట్టబోతున్నాను. పోయింది మూడో రకం.

విన్నది విన్నట్టు ఊరుకోండి. సమర్థించుకోవద్దు. "అది నిజమే గానీ..." అన్నారంటే ఆ మనిషి నోరు ఇంకో ఆరు నెలలు తెరవడు.

3. సమీక్ష: పోస్ట్‌మార్టమ్ కోర్టులా మారకుండా

తొంభై నిమిషాలకు మించి పెట్టుకోవద్దు. అమెరికా సైన్యం 1970ల నుంచి వాడుతున్న పద్ధతి ఒకటుంది, విన్యాసం ముగిశాక అందరూ కూర్చుని నాలుగు ప్రశ్నలకు జవాబు వెతుకుతారు. ఏం జరగాలనుకున్నాం? నిజంగా ఏం జరిగింది? తేడా ఎందుకొచ్చింది? వచ్చేసారి ఏం చేద్దాం? చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది, కానీ వరస తప్పకుండా నడపడం కష్టం. జనం నేరుగా మూడో ప్రశ్నకు దూకుతారు. వెనక్కి లాగండి. మొదటి నలభై నిమిషాలూ గోడ మీద కాలక్రమం మాత్రమే రాయించండి: ఎన్నింటికి ఏం జరిగింది, ఆ క్షణాన ఎవరికి ఏం తెలుసు. "ఎవరు చేశారు" అన్న ప్రశ్నను "అప్పుడు మనకు ఏం తెలుసు" అని మార్చగానే గదిలో గాలి మారుతుంది.

రెండు నియమాలు పెట్టుకోండి. పెద్ద పదవిలో ఉన్నవాళ్లు అభిప్రాయం ఆఖర్న చెప్పాలి. పొరపాట్లు ఒప్పుకోవడంలో మాత్రం వాళ్లే ముందుండాలి. నేను "టెస్టింగ్ పూర్తవకముందే పైకి మాట ఇచ్చాను, అది నా తప్పు" అన్నాక ఇంకో ఇద్దరు తమ వంతు చెప్పారు. అంతకుముందు ఇరవై నిమిషాలు ఎవరూ నోరు విప్పలేదు.

పొరపాట్లు ఎక్కువ బయటపడితే కంగారుపడకండి. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయని అనుకున్నారు. లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. అక్కడ ఎక్కువ జరుగుతున్నాయని కాదు, అక్కడివాళ్లు దాచకుండా చెబుతున్నారని తర్వాత తేలింది.

ఇంకొక పని: టీమ్ వాడుతున్న వాక్యాలను వినండి. నేర్చుకున్న నిస్సహాయత (ఏం చేసినా ఫలితం మారదని అలవాటుపడి ప్రయత్నమే మానేయడం) మీద 1960లలో పరిశోధన మొదలుపెట్టిన మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్మన్, దెబ్బ తిన్నాక మనిషి తనకు తాను చెప్పుకునే కారణాల్లో మూడు చూడమన్నారు. ఇది ఎప్పటికీ ఇంతేనా, అన్నిటా ఇంతేనా, నా వల్లేనా. "మనకు రిలీజ్‌లు అచ్చిరావు" అన్న మాటలో ఈ మూడూ ఉన్నాయి. "పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి డేటాను మార్చే స్క్రిప్ట్‌ను (చిన్న ప్రోగ్రామ్‌ను) పూర్తి డేటాతో పరీక్షించలేదు" అన్న మాటలో ఒక్కటీ లేదు. సమీక్ష చేయాల్సిన పని మొదటి వాక్యాన్ని రెండో వాక్యంగా మార్చడం. రెండోదాన్ని సరిచేయొచ్చు. మొదటిదాన్ని మొక్కుకోవడం తప్ప ఏం చేయలేం.

ఇస్రోదే ఇంకో రాకెట్, ఏఎస్‌ఎల్‌వీ సంగతి చూడండి. 1987 మార్చి 24న మొదటి ప్రయోగం పోయింది, పక్క బూస్టర్లు కాలిపోయాక మొదటి దశ మండలేదు. 1988 జులై 13న రెండోదీ పోయింది, ఈసారి రాకెట్ అదుపు తప్పింది. మూడోసారి ఎగిరింది 1992 మే 20న, ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మధ్యలో దాదాపు నాలుగేళ్లు. మన చిన్న పనుల్లో అంత టైమ్ ఎవరూ ఇవ్వరు. అయినా రెండుసార్లు పడ్డవాళ్లు మూడోసారి కౌంట్‌డౌన్‌కు కూర్చోగలిగారంటే, ఏది ఎందుకు తప్పిందో వాళ్ల చేతిలో ఉండబట్టే.

సమీక్ష ముగిసేసరికి మూడు సవరణలు మిగలాలి, ఒక్కోదానికి ఒక పేరు, ఒక తేదీ. పదిహేను రాసుకుంటే ఒక్కటీ జరగదు. జరగని సవరణల జాబితా కంటే టీమ్‌ను కుంగదీసేది లేదు.

4. చిన్న విజయాలు: అసలు పని ఇక్కడే

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో స్వీయ సామర్థ్యం మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో నాలుగు దారులు చెప్పారు. సొంతంగా చేసి నెగ్గడం, మనలాంటివాళ్లు నెగ్గడం చూడడం, ఇతరులు ప్రోత్సహించడం, మన శరీరం, మనసు ఉన్న స్థితి. అన్నిటికంటే బలమైనది మొదటిది. నేను పావుగంట ఉపన్యాసం ఇచ్చింది మూడోదాన్ని నమ్ముకుని.

కాబట్టి నెగ్గే అవకాశాలు మీరే ఏర్పాటు చేయాలి. అలాగని పిల్లాటల్లాంటివి కుదరవు. ఎంచుకునే పని వారంలో ముగిసేదై ఉండాలి. వేరే డిపార్ట్‌మెంట్ దయ మీద ఆధారపడకూడదు. అయిందో లేదో వాదన లేకుండా తెలియాలి, "మెరుగుపరచడం" అనేది పని కాదు, "ఆ స్క్రిప్ట్ పూర్తి డేటాతో ఒక్క తేడా లేకుండా నడవడం" పని. అన్నిటికీ మించి, దెబ్బ తగిలిన చోటికి దగ్గరగా ఉండాలి. బౌలింగ్‌లో ఓడిన జట్టుకు ఫీల్డింగ్ పోటీ గెలిపించి లాభం లేదు.

మేం ఒక తెల్లబోర్డు పెట్టుకున్నాం. సోమవారం మూడు పనులు, అంతే. నాలుగోది ఎంత చిన్నదైనా రాయకూడదు. మొదటి వారం ఇవి: పాత రిలీజ్‌ను వెనక్కి తీసే పద్ధతిని మామూలు రోజున ఒకసారి ప్రాక్టీసు చేయడం. ఆ స్క్రిప్ట్‌ను పూర్తి డేటాతో నడపడం. రిలీజ్‌ను ఆపే అధికారం టెస్టింగ్‌కు ఇస్తున్నట్టు పైవాళ్ల చేత రాయించుకోవడం. మూడోది నా పేరు మీద. లీడర్ పేరు బోర్డు మీద లేకపోతే అది పనుల పట్టిక, ఉంటే ఒప్పందం.

బుధవారం దాకా ఎవరూ దానివైపు చూడలేదు. శుక్రవారం సాయంత్రం మూడింటికీ టిక్కులు పడ్డాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను వచ్చే వారానికి బోర్డు తుడవబోతుంటే వెనకనుంచి ఒకతను, "ఉంచండి సర్, పక్కన రాసుకుందాం" అన్నాడు. రెండు నెలల్లో నాకు వినబడ్డ మొదటి మంచి మాట అదే. తర్వాతి ఆరు వారాలు పాతవి తుడవకుండా అక్షరాలు చిన్నవి చేసుకుంటూ రాశాం.

వారం వారం కష్టం పెంచండి. రెండు వారాలు ఒకే స్థాయిలో ఉంటే టీమ్‌కు అర్థమైపోతుంది, తేలికవే ఇస్తున్నారని. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే అపోలో కార్యక్రమంలో, 1967 జనవరి 27న నేల మీద పరీక్షలో జరిగిన అగ్నిప్రమాదంలో ముగ్గురు వ్యోమగాములు చనిపోయాక నాసా వెంటనే మనుషుల్ని ఎక్కించలేదు. నవంబర్‌లో అపోలో 4, తర్వాతి జనవరిలో అపోలో 5, ఏప్రిల్‌లో అపోలో 6, అన్నీ మనుషులు లేకుండానే. 1968 అక్టోబర్‌లో అపోలో 7లో ముగ్గురు ఎక్కారు. ఒక్కో మెట్టూ కొత్తగా ఏదో ఒకదాన్ని పరీక్షించింది.

మెచ్చుకోవడంలో పొదుపు పాటించండి. "సూపర్ టీమ్" లాంటి మాటలు దెబ్బతిన్నవాళ్లకు జాలిగా వినిపిస్తాయి. చేసిందేమిటో చెప్పండి: "ఆ తేడాను మంగళవారమే పట్టావు, లేకపోతే శుక్రవారం దొరికేది." చాలు.

5. భయం చెప్పినట్టు మార్పులు చేయకండి

దెబ్బ తగలగానే కొత్త ఫారాలు, కొత్త అనుమతులు, రోజుకు రెండు మీటింగులు వచ్చిపడతాయి. ఒక్కోటీ టీమ్‌తో చెప్పేది ఒకటే: మిమ్మల్ని నమ్మడం లేదు.

2020 డిసెంబర్ 19న అడిలైడ్ టెస్టులో భారత జట్టు రెండో ఇన్నింగ్స్‌లో 36 పరుగులకే చేతులెత్తేసింది, టెస్టుల్లో తన అత్యల్ప స్కోరు. కెప్టెన్ కోహ్లీ సెలవు మీద వెళ్లిపోయాడు, షమీ గాయపడ్డాడు. 36కు కుప్పకూలాక ఎవరైనా ఇంకో బ్యాట్స్‌మన్‌ను చేర్చుకుంటారు. వాళ్లు కోహ్లీ స్థానంలో జడేజాను తీసుకుని ఐదుగురు బౌలర్లతో మెల్‌బోర్న్‌లో దిగారు. రహానే 112 కొట్టాడు, జట్టు ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచింది. టెస్టు గెలవాలంటే ఇరవై వికెట్లు తీయాలి అన్న పాత లెక్కనే పట్టుకున్నారు, ఆ ఒక్క గంట పీడకలను పట్టుకోలేదు.

మార్పు చేసే ముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: ఈ దెబ్బ తగలకపోయినా ఇది చేసేవాళ్లమా? లేదు అనిపిస్తే ఒక నెల ఆగండి.

6. తప్పు ఎవరి చేతిలో జరిగిందో ఆ మనిషి

మా టీమ్‌లో ఆ స్క్రిప్ట్ రాసిన కుర్రాడు రెండో రిలీజ్ తర్వాత భోజనానికి అందరితో రావడం మానేశాడు. అతన్ని కొన్నాళ్లు ఆ పనికి దూరంగా పెడదామని ఇద్దరు ముగ్గురు చెప్పారు, మంచి ఉద్దేశంతోనే. అలా చేస్తే తీర్పు చెప్పేసినట్టే. బోర్డు మీద రెండో పనిని అతనికే ఇచ్చాను, పక్కన ఒక సీనియర్‌ను కూర్చోబెట్టి.

"మళ్లీ నాకేనా సర్?"
"దాని లోపలి సంగతులు నీకు తెలిసినంత ఎవరికి తెలుసయ్యా?"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇంకో రెండు రోజులు ఎక్కువ అడిగాడు, ఇచ్చాను. ఎందుకంటే ఆ రెండు రోజుల్లో ఏం చేస్తాడో వరసగా చెప్పాడు. భయంతో అడిగిన టైమ్‌కూ, ఆలోచించి అడిగిన టైమ్‌కూ తేడా అక్కడ తెలుస్తుంది.

ఎగతాళి చేసేవాళ్లు కూడా ఒకరిద్దరు ఉంటారు. "ఈసారైనా ఎగురుతుందా" అంటూ. వాళ్లను అణచొద్దు, అనుమానాలను రాసివ్వమనండి. చాలాసార్లు అందులో పనికొచ్చేది ఒకటుంటుంది. మూడోసారి కూడా రాసివ్వకుండా అంటూనే ఉంటే అప్పుడు విడిగా గట్టిగా మాట్లాడండి.

7. నిద్ర

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వరుస ఓటముల తర్వాత టీమ్ ఎప్పుడూ అలసిపోయే ఉంటుంది, ఎందుకంటే నష్టం పూడ్చడానికి రాత్రులు పనిచేసి ఉంటారు. అలసటనే పిరికితనం అనుకుంటారు. మూడు రోజులు సెలవిచ్చి చూడండి. సగం టెన్షన్ అక్కడే దిగిపోవచ్చు.

8. ఇంకో దెబ్బకు ముందే సిద్ధం కండి

మధ్యలో ఇంకోటి తప్పకుండా తప్పుతుంది. అపోలో 6లో కూడా రాకెట్ విపరీతంగా ఊగింది, రెండో దశలో రెండు ఇంజిన్లు ముందే ఆగిపోయాయి. తర్వాతి అడుగుకు ముందు దాని కారణాలు వెతికి సరిచేశారు, కార్యక్రమం ఆగలేదు.

మూడో వారంలోనే టీమ్‌తో ఈ మాట అనేయండి: "వచ్చే నెలలో ఏదో ఒకటి చెడుతుంది. చెడితే మొదటి గంటలో ఎవరు ఏం చేయాలి?" రాసి పెట్టుకోండి, ఒకసారి ఉత్తుత్తిగా నడిపి చూడండి. తెలిసిన దారిలో కిందపడితే ఆ పడడం వేరుగా ఉంటుంది.

టీమ్ కోలుకుంటోందో లేదో కొలవడానికి నేను సర్వేలు వాడను. చెడ్డ కబురు నా దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తాను. దెబ్బతిన్న రోజుల్లో శుక్రవారం రాత్రి తెలిసేది. ఎనిమిదో వారంలో ఒక మంగళవారం పొద్దున, ఇంకా బ్యాగు దించకముందే, ఆ టెస్టింగ్ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి, "సర్, గురువారం రిలీజ్ ఆపుతున్నాను. రెండు కేసులు ఫెయిలయ్యాయి. సోమవారానికి ఇస్తాం" అంది. పర్మిషన్ అడగలేదు. నేను పైవాళ్లకు ఫోన్ చేయడానికి లేచాను.